చప్పుడుకో క్యామ్, లాగుడుకో క్యామ్

వీ8 బండి, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ ఉన్న బండి, చేతికొచ్చిన కొన్నాళ్లకి చాలామందికి క్యామ్ మార్చాలన్న పురుగు తొలచడం మొదలవుతుంది. ఇంజిన్ వాల్వుల్ని తెరిచి మూసే ఇరుసే క్యామ్. ఎందుకని అడిగితే పవర్ కోసమంటారు. కాస్త గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు దబ్ దబ్... దబదబ... దబ్ అని ఆ తడబాటు వినపడాలి. బండి మొత్తం కొద్దిగా ఊగాలి. పక్క బండిలోవాడు అద్దం దించి చూడాలి.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. బండి మీది, డబ్బు మీది, చెవులూ మీవే. ఆ చప్పుడంటే నాకూ ఇష్టమే. నా పేచీ అంతా ఆ కోరికకి పవర్ అని పేరు పెట్టడం దగ్గరే. పేరు తప్పు పెట్టుకుంటే కొనేదీ తప్పే కొంటాం. చప్పుడు కోసం తపించేవాడు పవర్ కోసమని తనకి తాను నచ్చజెప్పుకుని, కేటలాగులో అన్నిటికన్నా పెద్ద నంబరున్న క్యామ్ తెప్పిస్తాడు. చప్పుడు వస్తుంది. దాంతోపాటు 2500 ఆర్‌పీఎం దగ్గర ఉండాల్సిన పికప్ పోతుంది. పోయిన పికప్ కోసం ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని ఇంజిన్‌కి కలిపే టార్క్ కన్వర్టర్ మార్చాలి, తర్వాత గేర్లు, ఆ తర్వాత మళ్లీ ట్యూనింగ్.

"సౌండ్ కావాలంటే పికప్ వదులుకోవాల్సిందే అన్నా, రెండూ ఎక్కడొస్తాయి?" అని ఒక కుర్రాడు నాతో తేల్చేశాడు. ఎక్కువమంది నమ్మేది ఇదే. ఇది సగమే నిజం. చప్పుడు పుట్టేది క్యామ్‌లో ఒకచోట, పికప్ పోయేది ఇంకోచోట. ఆ రెండు చోట్లూ వేరని తెలిస్తే వదులుకోవాల్సింది చాలా తగ్గుతుంది. చప్పుడు కావాలనుకున్నవాళ్లు డ్యూరేషన్ పెంచుకుంటూ పోకూడదనీ, లోబ్ సెపరేషన్ తగ్గించాలనీ నేను గట్టిగా అనేది అందుకే. కొంచెం లెక్క చూపించి చెబుతాను.

పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్. అది రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టులో ప్రతి సిలిండర్‌లోనూ గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ వాల్వ్ ఒకసారి, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వ్ ఒకసారి తెరుచుకుని మూసుకుంటాయి. వాల్వ్ ఎంత ఎత్తు లేస్తుందన్నది లిఫ్ట్. ఎన్ని క్రాంక్ డిగ్రీల సేపు తెరిచి ఉంటుందన్నది డ్యూరేషన్. వాల్వ్‌ని లేపే క్యామ్ మీది గుబ్బ లోబ్. ఇన్‌టేక్ లోబ్ కొనకీ ఎగ్జాస్ట్ లోబ్ కొనకీ మధ్య ఉండే కోణం లోబ్ సెపరేషన్. దీన్ని మాత్రం క్యామ్ డిగ్రీల్లో చెబుతారు. బ్లాకులో ఒకే క్యామ్ ఉండే ఇంజిన్లలో ఇది క్యామ్ గ్రైండ్ చేసినప్పుడే ఖరారైపోతుంది, తర్వాత ఏం చేసినా మారదు.

ఎగ్జాస్ట్ స్ట్రోకు అయిపోయి పిస్టన్ పైకి చేరేసరికి ఎగ్జాస్ట్ వాల్వ్ ఇంకా పూర్తిగా మూసుకోదు. ఇన్‌టేక్ వాల్వ్ అప్పటికే తెరుచుకోవడం మొదలుపెడుతుంది. రెండూ తెరిచి ఉండే ఆ కాస్త సమయమే ఓవర్‌ల్యాప్. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది కాబట్టి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ బలంగా ఉంటుంది. ఎగ్జాస్ట్ వైపు మామూలు గాలి పీడనమే. రెండు వాల్వులూ తెరిచి ఉంటే ఏమవుతుంది? బయటికి పోవాల్సిన కాలిన వాయువు వెనక్కి వచ్చేస్తుంది, సిలిండర్‌లోకీ, ఇంకాస్త ముందుకెళ్లి ఇన్‌టేక్ రన్నర్‌లోకీ. తర్వాతి సైకిల్లో సిలిండర్‌కి అందేది కొత్త మిశ్రమం, పాత పొగ కలిసిన సరుకు. అది నీరసంగా మండుతుంది, ఒక్కోసారి అసలు మండదు. మండకుండా మిగిలిన పెట్రోలూ గాలీ ఆ తర్వాతి సైకిల్‌కి కొంత పనికొస్తాయి, అప్పుడు ఒక్క దెబ్బ గట్టిగా పడుతుంది. ఒకటి మెల్లగా, ఒకటి గట్టిగా, ఒకటి వట్టిది. ఎనిమిది సిలిండర్లలోనూ ఇదే తంతు.

వీ8కి ఆ తాళం అంత బాగా కుదరడానికి ఇంకో కారణం క్రాస్‌ప్లేన్ క్రాంక్, అంటే ముందు నుంచి చూస్తే పిస్టన్లు తగిలే మెడలు కూడిక గుర్తులా నాలుగు దిక్కులకీ ఉండే క్రాంక్. షెవర్లే కంపెనీ స్మాల్ బ్లాక్ అనే వీ8లో సిలిండర్లు మండే వరస, అంటే ఫైరింగ్ ఆర్డర్, 1-8-4-3-6-5-7-2. ప్రతి 90 డిగ్రీలకీ ఒక సిలిండర్ మండుతుంది, మొత్తంగా చూస్తే సమంగానే ఉంటుంది. ఎడమవైపున్న 1, 3, 5, 7 మాత్రమే తీసి చూడండి: 1 తర్వాత 3 మండటానికి 270 డిగ్రీలు, తర్వాత 180, తర్వాత 90, మళ్లీ 180. ఒక్కో వైపు పైపులోంచి వచ్చే దెబ్బలు మామూలుగానే ఎగుడుదిగుడుగా ఉంటాయి. దానికి ఓవర్‌ల్యాప్ తడబాటు తోడైతే మనకి ఒళ్లు పులకరిస్తుంది. అదే క్యామ్ లెక్కలు నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి పెట్టండి, రిపేరుకొచ్చిన బండిలా ఉంటుంది తప్ప ఎవరూ తల తిప్పరు.

ఇక్కడే ఒక మాట తేల్చుకోవాలి. మనం మురిసిపోయే ఆ శబ్దం ఐడిల్‌లో ఇంజిన్ సరిగ్గా మండకపోవడం వల్ల వచ్చేదే. యాక్సిలరేటర్ తొక్కి 2000 ఆర్‌పీఎం దాటించేసరికి దాదాపుగా మాయమవుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో వినపడే గర్జన సైలెన్సర్‌దీ, పైపులదీ. కాబట్టి చప్పుడు కోసం వేసే క్యామ్ బండి ఆగినప్పుడు పనిచేస్తుంది, పవర్ కోసం వేసేది బండి పోతున్నప్పుడు. ఈ ఒక్క ముక్క ఒప్పుకుంటే సగం తగువు తీరిపోతుంది.

ఇక లాగుడు సంగతి. హార్స్‌పవర్ అంటే పౌండ్-అడుగుల్లో టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, ఆర్‌పీఎంతో గుణించి 5252తో భాగిస్తే వచ్చేది. 2500 ఆర్‌పీఎంలో 300 పౌండ్-అడుగుల టార్క్ ఉంటే 143 హార్స్‌పవర్. అక్కడ టార్క్ 30 తగ్గితే అది 129కి పడుతుంది. పవర్ కొలిచే డైనో యంత్రం ఇచ్చిన కాగితం మీద 6500 దగ్గర ఎంత పెరిగినా ఈ 14 తిరిగి రావు. రోడ్డు మీద బండి గడిపేది ఎక్కువగా 1500కీ 3500కీ మధ్యే. 6500 ఆర్‌పీఎం దాకా లాగే అవకాశం ఏ హైవే ఎక్కేటప్పుడో దొరికితే దొరుకుతుంది, అదీ రెండో గేరులో కాసేపు.

ఆ కింది టార్క్‌ని నిర్ణయించేది ప్రధానంగా ఇన్‌టేక్ వాల్వ్ ఎప్పుడు మూసుకుంటుందన్నది. పిస్టన్ అట్టడుగుకి, అంటే బీడీసీకి చేరి మళ్లీ పైకి బయల్దేరాక కూడా ఇన్‌టేక్ ఇంకా తెరిచే ఉంటుంది. ఆర్‌పీఎం ఎక్కువగా ఉన్నప్పుడు లోపలికొస్తున్న గాలికి మంచి ఊపుంటుంది, పిస్టన్ ఎదురొస్తున్నా దూరుతూనే ఉంటుంది. అప్పుడు ఆలస్యంగా మూయడమే లాభం. ఆర్‌పీఎం తక్కువైతే ఆ ఊపుండదు. వచ్చిన గాలిని పిస్టన్ మళ్లీ మానిఫోల్డ్‌లోకే నెట్టేస్తుంది. కాగితం మీద కంప్రెషన్ ఎంతున్నా, వాల్వ్ మూసుకున్నాక మిగిలిన గాలికే నొక్కుడు పడుతుంది. తక్కువ కంప్రెషన్ ఇంజిన్‌లో పొడుగు డ్యూరేషన్ క్యామ్ వేయడం నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ జోడీ. కింద ఏమీ ఉండదు, పైన ఉన్నదాన్ని వాడుకునేంత ఇంజిన్ ఉండదు.

ఇప్పుడు లెక్క. మూడు క్యాములు తీసుకుందాం. మూడిటికీ ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ డ్యూరేషన్ సమానం, మూడిట్లోనూ 4 డిగ్రీల అడ్వాన్స్ గ్రైండ్‌లోనే ఉంది, అంటే వాల్వులన్నీ 4 డిగ్రీలు ముందుగా కదిలేలా చెక్కారు. డ్యూరేషన్ కొలత 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర, అంటే 1.27 మిల్లీమీటర్ల దగ్గర. మొదటిది 224 డిగ్రీల డ్యూరేషన్, 114 లోబ్ సెపరేషన్. రోడ్డు బండికి అందరూ సిఫారసు చేసే రకం. ఓవర్‌ల్యాప్ మైనస్ 4, అంటే ఆ ఎత్తు దగ్గర కొలిస్తే రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండవు. ఇన్‌టేక్ మూసుకునేది బీడీసీ దాటాక 42 డిగ్రీలకి. ఐడిల్‌లో కాస్త గరుకు తెలుస్తుంది, అంతే.

చప్పుడు చాలదనిపించింది. మామూలుగా చేసేదేమిటి? కేటలాగులో రెండు మెట్లు పైకెక్కుతారు. 236 డిగ్రీలు, అదే 114. ఓవర్‌ల్యాప్ ప్లస్ 8కి వచ్చింది, చప్పుడు వచ్చింది. ఇన్‌టేక్ మూసుకోవడం 48కి జరిగింది. ఎగ్జాస్ట్ తెరుచుకోవడం బీడీసీకి 50 డిగ్రీల ముందు ఉండేది, 56కి వెళ్లింది. అంటే మండుతున్న వాయువు పిస్టన్‌ని ఇంకా నెడుతుండగానే తలుపు తెరిచేస్తున్నాం.

మూడోది 224 డిగ్రీలే, లోబ్ సెపరేషన్ 108. ఓవర్‌ల్యాప్ దీనికీ సరిగ్గా ప్లస్ 8. ఇన్‌టేక్ మూసుకునేది 36కి. ఎగ్జాస్ట్ తెరుచుకునేది 44 డిగ్రీల ముందు.

రెండో క్యామ్‌నీ మూడో క్యామ్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. పిస్టన్ పైన ఉన్నప్పుడు, అంటే టీడీసీ దగ్గర, రెండిటికీ తేడా లేదు. రెండిట్లోనూ ఇన్‌టేక్ 8 డిగ్రీల ముందు తెరుచుకుంటుంది, ఎగ్జాస్ట్ సరిగ్గా టీడీసీకి మూసుకుంటుంది. తేడా అంతా కింద, బీడీసీ దగ్గరే ఉంది. ఒకటి ఇన్‌టేక్‌ని 12 డిగ్రీలు ఆలస్యంగా మూస్తోంది, ఎగ్జాస్ట్‌ని 12 డిగ్రీలు ముందుగా తెరుస్తోంది. చప్పుడు పై కొసలో ఉంది, లాగుడు కింది కొసలో ఉంది. పెద్ద క్యామ్ కొన్నవాడు పై కొస కోసం కింది కొసని కూడా ఇచ్చేశాడు, ఎవరూ అడక్కుండానే.

0.050 దగ్గర డ్యూరేషన్ ఓ పది డిగ్రీలు పెరిగితే పవర్ వచ్చే ఆర్‌పీఎం సుమారు 500 పైకి జరుగుతుందని మెకానిక్కులు ఉజ్జాయింపుగా చెబుతారు. ఆ లెక్కన రెండో క్యామ్ బండి కాస్త ఆలస్యంగా నిద్ర లేస్తుంది. మూడోది మొదటి క్యామ్ కన్నా మధ్య ఆర్‌పీఎంలో గట్టిగా లాగుతుంది. పైకి వెళ్లాక పీక్ ముందే వచ్చి, దాని తర్వాత త్వరగా చల్లబడుతుంది. ఇది ఊరికే వచ్చిన లాభం కాదు. 6500 పైన రెండో క్యామే గెలుస్తుంది, అందులో అనుమానం లేదు. మీరు అక్కడ ఎంతసేపు ఉంటారన్నదే నా ప్రశ్న.

దీనికి ఎదురు వాదనలున్నాయి, కొన్ని గట్టివే. 0.050 కొలతలో ఓవర్‌ల్యాప్ సమానమైనంత మాత్రాన చప్పుడు అచ్చంగా ఒకటే కాదు. ఐడిల్ తీరుని తేల్చేది వాల్వ్ సీటు వదిలినప్పటి నుంచి మళ్లీ సీటు మీద కూర్చునేదాకా ఉన్న మొత్తం ఓవర్‌ల్యాప్. లోబ్ పక్కలు నిటారుగా ఉంటే 0.050 దగ్గర ఒకే డ్యూరేషన్ ఉన్నా సీటు దగ్గర తక్కువ ఉంటుంది. పైగా కేటలాగులో చెప్పే ఈ మొత్తం డ్యూరేషన్‌ని (అడ్వర్టైజ్డ్ డ్యూరేషన్) ఒక కంపెనీ 0.006 అంగుళాల దగ్గర కొలిస్తే, ఇంకోటి వేరే చోట కొలుస్తుంది. కాబట్టి పోల్చేటప్పుడు ఒకే కంపెనీ, ఒకే లోబ్ కుటుంబం తీసుకోండి. మూడో క్యామ్ ఇన్‌టేక్‌ని ముందే మూస్తుంది కాబట్టి ఐడిల్‌లో కూడా కొంచెం మెరుగ్గా మండుతుంది, చప్పుడులో ఆ మేరకు పదును తగ్గుతుంది. నాకైతే అది నష్టమనిపించదు.

రెండో అభ్యంతరం ఈసీయూది, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌ది. కొత్త ఇంజిన్లకి దొరికే క్యాముల్లో 112, 114 ఎక్కువ ఉండటానికి ఒక కారణం ఇదే. ఓవర్‌ల్యాప్ ఎక్కువైతే ఐడిల్‌లో మండని గాలి ఎగ్జాస్ట్‌లోకి వచ్చేస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఈసీయూ ఇంకా పోస్తుంది. కళ్లు మండే పెట్రోల్ వాసన వచ్చేది అందుకే. మంచి ట్యూనర్ దీన్ని సరిచేస్తాడు. కానీ ఇది 236/114 క్యామ్‌కీ అంతే వర్తిస్తుంది. ఓవర్‌ల్యాప్ ఏ దారిన వచ్చిందో సెన్సర్‌కి తెలియదు. ఓవర్‌ల్యాప్ పెరిగితే ఐడిల్‌లో వాక్యూమ్ తగ్గే సంగతీ అంతే.

మూడో అభ్యంతరం టర్బో, సూపర్‌చార్జర్ బళ్ల గురించి, అంటే గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే బళ్లు. అక్కడ నా వాదన చెల్లదు. సూపర్‌చార్జర్ నొక్కి పంపిన గాలి ఓవర్‌ల్యాప్‌లో నేరుగా ఎగ్జాస్ట్‌లోంచి పోతుంది, వెడల్పు సెపరేషనే మంచిది. బూస్ట్ ఉన్న బండికి చప్పుడు క్యామ్ అడిగేవాళ్లని చూస్తే నాకు నిజంగానే అర్థం కాదు. తొక్కిన ప్రతిసారీ వెన్ను సీటుకి అతుక్కుంటుంటే సిగ్నల్ దగ్గర ఇంకేం నిరూపించాలి?

అన్నట్టు ఓవర్‌ల్యాప్‌ని నేను వట్టి చప్పుడు యంత్రంగా చూపించానేమో. మంచి హెడర్లున్న ఇంజిన్‌లో, అంటే ఒక్కో సిలిండర్‌కి విడి ఎగ్జాస్ట్ పైపు ఉన్నదాంట్లో, అది అసలైన పవర్ ఇస్తుంది. ఎగ్జాస్ట్ పైపులో వెళ్లిన పీడన తరంగం పైపు చివర తాకి, లాగే తరంగంగా వెనక్కి వస్తుంది. అది సరైన సమయానికి వాల్వ్ దగ్గరికి చేరితే, పిస్టన్ ఇంకా కిందికి దిగకముందే ఇన్‌టేక్ గాలిని సిలిండర్‌లోకి లాగేస్తుంది. ఆ సమయం కుదిరేది కొంత ఆర్‌పీఎం పరిధిలోనే, అదీ పైపు పొడవు సరిపోతేనే. కంపెనీ ఇచ్చిన ఇనప మానిఫోల్డులు అలాగే ఉంచి, క్యామ్ మాత్రం మార్చితే ఓవర్‌ల్యాప్ మీకిచ్చేది చాలావరకు చప్పుడే. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే హెడర్లు, మంచి సైలెన్సర్ ముందు కొనమంటాను. బండి నడుస్తున్నంతసేపూ వినపడేది అదే కదా.

ఈ చప్పుడు మోజు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే తమాషాగా ఉంటుంది. 1964లో షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో 365 హార్స్‌పవర్ 327 ఇంజిన్ (327 ఘనపు అంగుళాలది) వచ్చింది. దాని క్యామ్‌ని జనం డంటోవ్ 30-30 అని పిలిచేవారు, జోరా ఆర్కస్-డంటోవ్ అనే కార్వెట్ ఇంజనీరు పేరు మీద. 30-30 అంటే వాల్వ్ లాష్, వాల్వ్ మూసి ఉన్నప్పుడు దాని మీటకి వదిలే ఖాళీ, ఇన్‌టేక్‌కీ ఎగ్జాస్ట్‌కీ చెరో 0.030 అంగుళాలు. అదే క్యామ్ 1967 నుంచి 1969 దాకా షెవర్లే వాళ్లదే కెమారో జెడ్/28 లోని 302 ఇంజిన్‌లోకి వెళ్లింది. అమెరికాలోని ట్రాన్స్-యామ్ కారు రేసుల్లో ఇంజిన్ 5 లీటర్లు దాటకూడదన్న నియమం ఉండేది, ఆ బండి పుట్టిందే దానికోసం. చిన్న ఇంజిన్‌తో పవర్ కావాలంటే విపరీతంగా తిప్పాలి, విపరీతంగా తిప్పాలంటే పొడుగు డ్యూరేషన్ కావాలి. ఐడిల్‌లో ఆ ఇంజిన్ తడబడటం వాళ్లకి అవసరం లేని తలనొప్పి. రేసు గెలిచే బండి ఇలా మోగుతుంది కాబట్టి, ఇలా మోగే బండి గట్టి బండి అన్న లెక్క తర్వాత జనంలో స్థిరపడిపోయింది.

ఆ లెక్కని తలకిందులు చేసిన ఇంజిన్ ఎల్ఎస్7, షెవర్లే తర్వాతి తరం ఎల్ఎస్ వీ8లలో ఒకటి. 2006 కార్వెట్ జెడ్06లో వచ్చింది. 7 లీటర్లు, 505 హార్స్‌పవర్, 7000 రెడ్‌లైన్. దాని క్యామ్ 0.050 దగ్గర ఇన్‌టేక్ 211, ఎగ్జాస్ట్ 230, లోబ్ సెపరేషన్ 120 దాటి ఉంటుంది. ఓవర్‌ల్యాప్ లెక్కేస్తే మైనస్ 20 డిగ్రీల పైనే. ఐడిల్‌లో బుద్ధిగా ఉంటుంది. పవర్ ఎక్కడి నుంచి వచ్చిందంటే పెద్ద ఇంజిన్, బ్రహ్మాండంగా గాలి వదిలే హెడ్లు, 0.591 అంగుళాల లిఫ్ట్. లిఫ్ట్ పెరిగితే ఐడిల్ పెద్దగా చెడదు, ఈ సంగతి చప్పుడు వేటలో ఉన్నవాళ్లకి గుర్తుండదు, ఎందుకంటే లిఫ్ట్ వినపడదు.

ఇంకోవైపు క్యాములు చేసే కాంప్ క్యామ్స్ కంపెనీ వాళ్లు థంపర్ అని ఒక వరుసే తీశారు, చప్పుడు కోసమని బాహాటంగా చెప్పి. స్మాల్ బ్లాక్‌కి వచ్చే మొదటి మెట్టు ఇన్‌టేక్ 227, ఎగ్జాస్ట్ 241, సెపరేషన్ 107. ఎగ్జాస్ట్‌ని పొడిగించి, సెపరేషన్‌ని బిగించి 0.050 దగ్గరే 20 డిగ్రీల ఓవర్‌ల్యాప్ రాబట్టారు, ఇన్‌టేక్‌ని మాత్రం మరీ పొడిగించలేదు. నాకు అంత ఓవర్‌ల్యాప్ ఎక్కువే. కానీ చప్పుడుని ఏ కొసలోంచి తీయాలో తెలిసి చేసిన పని అది. పైగా చప్పుడు సంగతి దాచలేదు, ఆ నిజాయితీకి నేను మార్కులు వేస్తాను.

కింది కొస పోతే ఎలా ఉంటుందో ఒక్కసారి బండెక్కి చూస్తే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. నాకు తెలిసిన ఒకాయన పొడుగు క్యామ్ వేయించి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి కంపెనీ కన్వర్టరే ఉంచేశాడు. పార్కింగ్‌లో నిలబెట్టినప్పుడు అద్భుతంగా మోగింది. డాష్ కింద వాక్యూమ్ గేజ్ వేలాడుతోంది, ముల్లు 9కీ 13కీ మధ్య వణుకుతోంది. మామూలు ఇంజిన్ అయితే 18 నుంచి 20 పాదరసపు అంగుళాల దగ్గర కదలకుండా నిలబడాలి. డ్రైవ్‌లోకి వేశాడు. ఆర్‌పీఎం ధబ్బున పడింది, ఆగిపోతుందేమోనని యాక్సిలరేటర్ తాకించాడు, తాకించగానే బండి ముందుకి దూకబోయింది, బ్రేక్ తొక్కాడు. బ్రేక్ పెడల్ రాయిలా ఉంది. పవర్ బ్రేక్ బూస్టర్ బతికేది ఇంజిన్ వాక్యూమ్ మీదే. అది లేకపోతే కాలి బలమే గతి. సందు దాటి మెయిన్ రోడ్డు ఎక్కేలోపు రెండు కాళ్లతో నడిపాడు, ఒకటి యాక్సిలరేటర్ మీద, ఒకటి బ్రేక్ మీద. ట్రాఫిక్‌లో నిదానంగా పోతుంటే బండి జర్కులిస్తూ తల ఊపించింది. రోడ్డు ఖాళీ అయ్యాక తొక్కితే 4000 దాటాక నిజంగానే ఎగిరింది. దిగాక "ఎలా ఉంది?" అని అడిగాడు. "4000 దాటాక బాగుంది" అన్నాను. "ఊళ్లో 4000 ఎక్కడ దాటుతాం?" అని ఆయనే నవ్వాడు.

హై స్టాల్ కన్వర్టర్, అంటే ఎక్కువ ఆర్‌పీఎం వచ్చాకే గట్టిగా పట్టుకునే టార్క్ కన్వర్టర్, వేస్తే ఇందులో చాలా బాధలు తగ్గుతాయి, నిజమే. కన్వర్టర్ 3000 దగ్గర పట్టుకుంటే ఇంజిన్ తన నీరసపు భాగాన్ని దాటేసి ఉంటుంది. కానీ గేర్‌బాక్స్ ఆయిల్ ఎక్కువ వేడెక్కుతుంది, కూలర్ కావాలి. వాక్యూమ్ పంపు పెడితే బ్రేక్ సమస్యా తీరుతుంది. క్యామ్‌కి తగ్గట్టు బండి మొత్తాన్ని మార్చే ఓపిక ఉన్నవాళ్లని నేనేమీ అనను. క్యామ్ ఒక్కటే మార్చి అన్నీ సర్దుకుంటాయని ఆశపడేవాళ్లతోనే నా గొడవ.

ఈ మధ్య ఇంకో దారి వచ్చింది, గోస్ట్ క్యామ్ ట్యూన్. క్యామ్ ముట్టుకోరు. ఎల్ఎస్ ఇంజిన్లలో ఐడిల్ ఆర్‌పీఎం తగ్గించి, స్పార్క్ టైమింగ్‌ని పైకీ కిందికీ ఆడించి తడబాటు పుట్టిస్తారు. 2011 నుంచి వచ్చిన ఫోర్డ్ కొయోటీ వీ8 ఇంజిన్లలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ క్యాములు రెండిటికీ ఫేజర్లున్నాయి (ఇంజిన్ నడుస్తుండగానే క్యామ్‌ని ముందుకీ వెనక్కీ జరిపేవి) కాబట్టి ఐడిల్‌లో నిజంగానే ఓవర్‌ల్యాప్ తెప్పించవచ్చు, తొక్కగానే మామూలుకి వస్తుంది. చాలామంది దీన్ని నకిలీ అని వెక్కిరిస్తారు. నాకు ఆ వెక్కిరింత నచ్చదు. చప్పుడే కావాలన్నవాడు చప్పుడే తెచ్చుకున్నాడు, పికప్ పోగొట్టుకోలేదు, ఎవరికీ పవర్ అని చెప్పలేదు. అసలైన క్యామ్ వేసి 2500లో ఓడిపోయేవాడి కన్నా ఇతనిదే తెలివైన బేరం. నా అభ్యంతరమల్లా ఐడిల్ మరీ దించితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, మండని పెట్రోల్ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండి దాన్ని పాడుచేస్తుంది. మితంగా చేయించుకుంటే ఫరవాలేదు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. క్యామ్ మారితే వాల్వ్ స్ప్రింగులూ మార్చాలి, ఇందులో బేరం లేదు. వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య ఇన్‌టేక్ వైపు కనీసం 0.080 అంగుళాలు, ఎగ్జాస్ట్ వైపు 0.100 ఉండాలన్నది పాత కొలమానం. సెపరేషన్ బిగించి అడ్వాన్స్ ఇస్తే ఇన్‌టేక్ వైపు ఈ ఖాళీ తగ్గుతుంది, కొలవకుండా బిగించొద్దు. ఫేజర్ ఉన్న ఇంజిన్ అయితే దాని కదలికకి లిమిటర్ పెట్టాలి. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (రోలర్ లేని చదును లిఫ్టర్లు రాసుకునేది) అయితే కొత్తగా బిగించి మొదటిసారి స్టార్ట్ చేసిన వెంటనే 2000 పైన ఇరవై నిమిషాలకి తగ్గకుండా తిప్పి, జింక్ ఎక్కువున్న ఆయిల్ వాడాలి. పొల్యూషన్ పరీక్ష గట్టిగా ఉన్నచోట పెద్ద ఓవర్‌ల్యాప్‌తో నెగ్గడం కష్టం, ముందే కనుక్కోండి.

డిగ్రీ వీల్ గురించి, అంటే డిగ్రీలు గీసిన కొలత చక్రం గురించి, మాత్రం ఆగి చెప్పాలి. ఇంత లెక్క వేసి, చివర్లో గేర్ల మీది చుక్కకి చుక్క కలిపి చైన్ బిగించేస్తే వేసిన లెక్కంతా గాలికి పోతుంది. క్రాంక్ ముందు డిగ్రీ వీల్ బిగించండి. మొదటి సిలిండర్‌లో పిస్టన్ స్టాప్ పెట్టి క్రాంక్‌ని అటూ ఇటూ తిప్పి, ఆగిన రెండు అంకెల మధ్య బిందువుని అసలైన టీడీసీగా పట్టుకోండి. ఇన్‌టేక్ లోబ్ మీద కూర్చునే లిఫ్టర్‌కి డయల్ గేజ్ ఆనించి, 0.050 దగ్గర తెరుచుకునేదీ మూసుకునేదీ రాసుకోండి. ఎప్పుడూ క్రాంక్ తిరిగే దిశలోనే తిప్పాలి, వెనక్కి తిప్పితే చైన్ వదులు కొలతలో కలిసిపోతుంది. క్యామ్‌తో వచ్చిన కార్డులో మూసుకునేది 36 అని ఉండి మీకు 39 వస్తే, క్యామ్ 3 డిగ్రీలు వెనకబడి ఉందన్నమాట. ఎక్కువ కీవేలున్న, అంటే క్రాంక్ మీద వేర్వేరు కోణాల్లో బిగించే గాడులున్న, క్రాంక్ గేర్ అయితే అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. ఆ 3 డిగ్రీలు ఐడిల్ చప్పుడులో మీకు తెలియవు, 2000 ఆర్‌పీఎంలో తెలుస్తాయి.

కేటలాగులోంచి ఏరుకోవడం కన్నా క్యామ్ గ్రైండ్ చేసేవాళ్లకే ఫోన్ చేయడం మేలు. వాళ్లు బండి బరువు, కంప్రెషన్, హెడ్లు, గేర్ రేషియో, కన్వర్టర్ స్టాల్, హెడర్లు ఉన్నాయా లేదా అని వరసగా అడుగుతారు. అన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి. అబద్ధం ఎక్కువగా దొర్లేది కంప్రెషన్ దగ్గరే, జాగ్రత్త. ఎంత హార్స్‌పవర్ కావాలని అడిగినప్పుడు అంకె చెప్పకండి. పవర్ బ్రేకులకి సరిపడా వాక్యూమ్ ఐడిల్‌లో మిగలాలి, ఇన్‌టేక్ 0.050 దగ్గర బీడీసీ తర్వాత 40 డిగ్రీలు దాటకుండా మూసుకోవాలి, ఆ రెండు హద్దుల్లో ఎంత చప్పుడు పడితే అంతా కావాలని చెప్పండి. వాళ్లు సెపరేషన్ ఎంత చెబుతారో విని, క్యామ్ కార్డు చేతికొచ్చాకే కన్వర్టర్ ఆర్డర్ పెట్టండి.